కాలి రన్నులు

7 డిసెంబర్ 1983, బుధవారం

ఈ డైరీ ఇవాళే మొదలుపెట్టక తప్పదు. మధ్యాహ్నం రేడియోలో ఒక మాట విన్నాను. అది బయట చెబితే ఒక మంచి మనిషి పరుగులు పోతాయి. చెప్పకపోతే నాకు నిద్ర పోతుంది. ఎక్కడో ఒకచోట పెట్టాలి కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. మా ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని దీన్ని దాచాల్సిన పని కూడా లేదు. జొన్నల గుమ్మి మీదే ఉంటుంది.

జరిగింది ఇది. జంషెడ్‌పూర్‌లో మనవాళ్ళకీ వెస్టిండీస్‌కీ వన్డే. నేను పాఠాలు చెప్పే ఝరాసంగం బడిలో మా హెడ్మాస్టర్ ఇస్సాకు సార్ ట్రాన్సిస్టర్‌ని బల్ల సొరుగులో పెట్టి, సొరుగు నాలుగు వేళ్ళు తెరిచి వింటారు. బడి వేళల్లో రేడియో వినకూడదనే నియమం ఆయనే పెట్టారు. సొరుగులోది లెక్కలోకి రాదట. భోజనాల వేళ నేనూ దగ్గర కూర్చున్నాను. బంతి ఎవరి కాలికో తగిలి వెళ్ళింది, ఒక పరుగు తీశారు. హిందీలో చెప్పే ఆయన, ఇది లెగ్ బై, బ్యాట్స్‌మన్‌కి చేరదు, ఎక్స్‌ట్రాల్లోకి పోతుంది అన్నాడు.

"మళ్ళీ చెప్పమనండి సార్" అన్నాను.

రేడియోని మళ్ళీ చెప్పమనడం కుదరదని సార్ చాలా మర్యాదగా చెప్పారు.

మా ఊరు జహీరాబాద్‌లో, ఆదివారం ఆటల్లో, కాలికి తగిలి వెళ్ళిన పరుగులు ఆడేవాడికే రాస్తాం. మొదటినుంచీ అంతే. నాకు స్కోరు రాయడం నేర్పిన ఎంకయ్య తాత, "కాలు ఎవలిది? ఆడేటోనిదేనాయె. మరి రన్ను ఇంకెవలికి రాస్తవ్ బిడ్డా?" అన్నాడు. నాకు అది చాలా న్యాయంగా తోచింది. ఇప్పటికీ తోస్తోంది. ఆ రన్నుల కింద చిన్న గీత పెట్టమని కూడా ఆయనే చెప్పాడు. ఎందుకంటే ఆట అయ్యాక ఆ గీతలు చూసి, ఎవరి కాలికి ఎన్ని దెబ్బలు తగిలాయో దాన్ని బట్టి జట్టు తరఫున నువ్వుల నూనె ఇస్తారు.

అన్నిటికన్నా ఎక్కువ నూనె తీసుకునేది మాణిక్ గారు.

మాణిక్ గారు మా బస్సు కండక్టర్. ఆదివారాలు మా ఊరి జట్టులో మొదట దిగే ఆటగాడు. జట్టుకి ఉన్న ఒకే ఒక్క జత ప్యాడ్లు ఆయనే కట్టుకుంటారు. ఆయన ఆటలో ముందు ఎడమ కాలు వస్తుంది, తర్వాత బ్యాటు వస్తుంది. ఒక్కోసారి రాదు. కాలు అడ్డం వచ్చిందని ఔట్ ఇవ్వడం మా దగ్గర లేదు. అది అమానుషమని రెండు జట్లూ ఎప్పుడో ఒప్పుకున్నాయి.

ఇప్పుడు ఆయన వన్డే ఇంటర్నేషనల్ పరుగులు వెయ్యికి ముప్పై రెండు తక్కువ. ఇంటర్నేషనల్ అంటే రాష్ట్రం హద్దులోని చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు దాటి వచ్చిన జట్టుతో ఆడినవి. అంటే హుమ్నాబాద్, బీదర్, ఉమర్గా. రేడియోలో ఎవరో వన్డేల్లో రెండు వేలు దాటారని చెప్పిన రోజున మా కెప్టెన్ రామ్‌కిషన్ అన్న ఈ తీర్మానం చేశాడు. ఆయన మా పక్కింటి దర్జీ. చెక్‌పోస్టులో ఆపేది లారీలను కదా అని నేను అడిగితే, "ఆపుతున్నరు గద. గంతే" అన్నాడు.

నేను దీన్ని ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఒక్కటే. లెక్క లెక్కే. ఇంకే కారణమూ లేదు.

8 డిసెంబర్

స్కోరు పుస్తకంలో గీతలు ఇంకా లెక్కపెట్టలేదు. పరీక్ష పేపర్లు దిద్దాలి.

9 డిసెంబర్

పేపర్లు అయిపోయాయి. గీతలు లెక్కపెట్టలేదు. ఇల్లు అలకాలి.

11 డిసెంబర్, ఆదివారం

ఇవాళ ఇద్దరు వచ్చారు. ఒకరు నా పెళ్ళి గురించి, ఒకరు నా లెక్క గురించి మాట్లాడారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

మొదట ఇందిరమ్మ అత్త. నాయిన అక్క. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది. కోహిర్‌లో విత్తనాల దుకాణం ఉన్న అమర్నాథ్ అనే ఆయనకు నన్ను అడుగుతున్నారట. మంచివాళ్ళట. బావి ఉందట. ఒక్కటే మాటట, పెళ్ళయ్యాక నేను బడికి వెళ్ళకూడదు.

నాయిన అల్లం గడ్డల మట్టి రాలుస్తూ, "ఎందుకు పోవద్దు?" అన్నాడు.

"వాళ్ళకేం తక్కువరా సంగయ్యా? కోడలు బస్సెక్కి పోయి ఊరోళ్ళ పోరగాండ్లకు అఆలు చెప్తదా?"

"మరి గా అఆలు సదవనీకే కదక్కా దీన్ని గిన్నేండ్లు తోలిచ్చింది."

"సదివింది. అయిపాయె. ఇంకా ఎన్ని దినాలు సదివిన ముచ్చట చెప్తవ్? వేరే ఎవలన్న అడుగుతున్నరా నీ బిడ్డను?"

నాయిన ఇంకో గడ్డ తీసుకున్నాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. దాన్నే మళ్ళీ తుడిచాడు. "అడిగేటోళ్ళు ఉంటె గద" అన్నాడు.

పుష్యం వెళ్ళి మాఘం రాగానే, ఫిబ్రవరి ఐదున ఆదివారం వాళ్ళు వస్తారు. నాయిన ఆ రోజు మాట ఇవ్వాలి.

అత్త వెళ్ళగానే రామ్‌కిషన్ అన్న మెడలో టేపుతోనే వచ్చాడు. వచ్చే ఆదివారం హుమ్నాబాద్‌తో ఆట. మాణిక్ వెయ్యి కొట్టగానే బ్యాండు మోగాలట, దండ పడాలట, ఎర్ర గుడ్డ మీద తెల్ల గుడ్డతో కుట్టిన అక్షరాలు విప్పాలట. వెయ్యిలో మూడు సున్నాలూ కుట్టడం అయిపోయింది, ఒకటి అంకె మిగిలింది అన్నాడు.

"ఒకటి సివరికి కుడ్త బిడ్డా. జర శకునం జూస్కోవాలె గద."

"అన్నా, ఒకవేళ వెయ్యి కాకపోతే?"

"ఎందుకు కాదు? వానిది గిదేమన్న బ్యాటు మీద ఆధారపడ్డ ఆటనా?"

ఆయన తెలియకుండానే అంతా చెప్పేశాడు.

12 డిసెంబర్

పొద్దున బస్సులో మాణిక్ గారు టికెట్ ఇచ్చారు. వెనక 32 అని రాసి ఉంది. చిల్లర బాకీ ఉంటే కండక్టర్లు టికెట్ వెనక రాస్తారు. నాకు రావాల్సింది ఏమీ లేదు. నేను సరిగ్గా ఇచ్చాను.

"ఇది ఏమిటండీ?"

"మిగిలినయి టీచరమ్మా" అని, వెనక సీటు వైపు వెళ్ళిపోయారు. "ఎవలమ్మా ఇంకా టికెట్ లేనోళ్ళు" అని అరిచారు. బస్సులో అందరికీ టికెట్లు ఉన్నాయి.

దసరా సెలవుల ముందు ఒకసారి ఆయన, "వెయ్యి అయినంక మీ నాయినతోని ఒక ముచ్చట మాట్లాడాలె" అన్నారు. ఏ ముచ్చట అని నేను అడగలేదు. నాయిన అప్పుడప్పుడూ బస్సు మీద అల్లం బస్తాలు వేస్తుంటాడు. లగేజీ గురించి అయి ఉంటుంది.

14 డిసెంబర్

లెక్కపెట్టాను. మూడుసార్లు పెట్టాను. మూడోసారి బల్ల తుడిచి, దీపం దగ్గరికి జరిపి పెట్టాను.

బ్యాటువి ఆరువందలకు మూడు తక్కువ. మిగతావన్నీ గీతలే.

నాలుగేళ్ళ నూనె.

16 డిసెంబర్

ఇస్సాకు సార్‌ని మామూలుగా అడిగినట్టు అడిగాను. ఒక ఊళ్ళో అందరూ ఒక లెక్క ఒప్పుకుని, ఎవరికీ నష్టం లేకుండా నడుపుకుంటుంటే, అది తప్పని కొత్తగా తెలిసినవాళ్ళు ఏం చేయాలి సార్ అని.

సార్ కళ్ళజోడు తీసి తుడిచారు. "ఎవరి కాలమ్మా?" అన్నారు.

"ఎవరిదీ కాదు సార్. ఊరికే అడిగాను."

"ఎడమ కాలా, కుడి కాలా?"

నేను తరగతికి వెళ్ళిపోయాను.

17 డిసెంబర్

రేపు ఆయన కాలికి ఒక్క బంతి కూడా తగలకుండా ముప్పై రెండు కొడితే అప్పుడు చూద్దాం. కొట్టినా లెక్క తప్పే. కానీ కొంచెం తక్కువ తప్పుగా ఉంటుంది. ఇలాంటి మాట మూడో తరగతి పిల్లలు అంటే గోడ కుర్చీ వేయిస్తాను.

18 డిసెంబర్, ఆదివారం

జరిగింది వరసగా రాస్తాను.

చెరకు బండ్లు ఆగే మైదానంలో పొద్దున ఆట. చుట్టూ బండ్లు విప్పి నిలిపారు, అవే హద్దు. జనం చెరకు నములుతూ వాటి మీదే కూర్చున్నారు. ఒక బండి మీద మాణిక్ గారి తల్లి నాగవ్వ, ఒడిలో నూనె సీసాతో. రెండు బండ్ల మధ్య రామ్‌కిషన్ అన్న ఎర్ర గుడ్డ చుట్టి ఉంది. ఒకటి కుట్టేశాడు. నా పక్కన వేపకొమ్మకు రైలు పట్టా ముక్క వేలాడుతోంది. ఎవరైనా యాభై కొట్టినా, వంద కొట్టినా స్కోరర్ దాన్ని ఇనుప కడ్డీతో కొట్టాలి. అది మోగితేనే లెక్క. నన్ను స్కోరర్‌గా పెట్టమని అప్పట్లో పట్టుబట్టింది హుమ్నాబాద్ కెప్టెన్ చెన్నబసప్ప గారే. మీవాళ్ళు రాస్తే మాకు నమ్మకం లేదు, బడిపంతులమ్మ అయితే అబద్ధం రాయదు అన్నారు. నాయిన, "రాసుడే గద, ఆడుడు గాదు గద" అని ఒప్పుకున్నాడు.

మాణిక్ గారు బాగానే ఆడారు. పదహారు బ్యాటుతో వచ్చాయి. పన్నెండు కాలితో. నేను అలవాటుగా అన్నీ ఆయన పేరు మీదే రాస్తున్నాను, గీతలు పెడుతున్నాను. ఊరి లెక్కలో ఇక నాలుగు పరుగులే తక్కువ.

తర్వాతి బంతి మోకాలి కింద టప్పున తగిలి, బండ్ల కిందికి దూరింది. నాలుగు.

జనం బండ్ల మీంచి దూకారు. బ్యాండువాళ్ళు మొదలుపెట్టారు. ఎర్ర గుడ్డ విప్పారు. అందరూ నా వైపు చూశారు. కడ్డీ నా చేతిలో ఉంది.

నేను కొట్టలేదు.

"కొట్టు బిడ్డా!" రామ్‌కిషన్ అన్న దండ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏమాయె, చెయ్యి నొస్తున్నదా? దా, నేను కొడ్త."

"అన్నా, ఆ నాలుగూ మాణిక్ గారివి కావు."

"మరెవలియి?"

"ఎవరివీ కావు. కాలికి తగిలినవి ఎక్స్‌ట్రాలు. జట్టుకి వస్తాయి, ఆడేవాళ్ళకి రావు. రేడియోలో చెప్పారు."

"ఎక్స్‌ట్రా అంటె ఎక్కువనే గద? మరి వానికే ఎక్కువ రాయి."

చెన్నబసప్ప గారు నవ్వుతూ వచ్చారు. "నాను చెప్పలేదా? టీచరమ్మ అంటె ధర్మం. రాయమ్మా, రాయి. కాలిది కాలికి, బ్యాటుది బ్యాటుకి."

"మీవాళ్ళవి కూడా పోతాయండి" అన్నాను. "మీవైతే నూట నలభై దాకా ఉన్నాయి."

ఆయన నవ్వు ఆగింది. "అదెట్ల? మా కాలు మాది గదమ్మా!"

అంతవరకూ టాస్ మీద కూడా ఒప్పందం లేని ఇద్దరు కెప్టెన్లు ఆ క్షణం నుంచి ఒక పక్కన నిలబడ్డారు. రేడియో అబద్ధం చెబుతుందన్నారు. జంషెడ్‌పూర్‌ది వేరే ఆట అన్నారు. ఇంతలో నాగవ్వ బండి దిగి, నూనె సీసా పట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఓ టీచరమ్మా. కాలు ఎవలిది?"

"మాణిక్ గారిదే అవ్వా."

"దెబ్బ దిన్నదెవలు?"

"ఆయనే."

"రాత్రంత కూసోని నూనె రాసుడెవలు?"

"మీరే."

"మరి రన్నులు ఎవలయి?"

"నియమంలో నూనె సంగతి లేదవ్వా" అన్నాను. అంతకన్నా బుద్ధిలేని మాట నేను ఎప్పుడూ అనలేదు.

అప్పుడు మాణిక్ గారు వచ్చారు. బ్యాటు చంకలో పెట్టుకున్నారు. ఆయన గొడవపడలేదు. ఒక్కటే అడిగారు.

"గీ నాలుగే పోయినయా టీచరమ్మా, పాతయి గూడ పోయినయా?"

నాలుగే అని ఉంటే సరిపోయేది. ఇంకొక్క బంతి బ్యాటుకి తగిలి ఉంటే సరిపోయేది. గీతల సంగతి నాకు తప్ప ఎవరికీ పట్టదు. ఇవన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. అప్పుడు మాత్రం, "పాతవి కూడా" అన్నాను.

"ఎంత మిగిలింది?"

"ఆరువందల పదమూడు."

రామ్‌కిషన్ అన్న దండ కిందికి దించాడు. బ్యాండువాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పలేదు, వాళ్ళు మోగిస్తూనే ఉన్నారు. ఆయన తన ఎడమ కాలి వైపు, అది వేరే ఊరి మనిషిదైనట్టు చూశారు. తర్వాత వెళ్ళి మళ్ళీ నిలబడ్డారు. తర్వాతి బంతికి, నేను చూస్తుండగా, జీవితంలో మొదటిసారి కాలు పక్కకి తీసి ఆడారు.

వికెట్లు మూడూ పడిపోయాయి.

నేను చేసింది సరైన పని. సరైన పనే. రెండుసార్లు ఎందుకు రాశానో తెలియదు.

19 డిసెంబర్

టికెట్ వెనక ఏమీ లేదు.

20 డిసెంబర్

ఏమీ లేదు. "రైట్ రైట్" అని మాత్రం అన్నారు. అది డ్రైవర్‌తో.

22 డిసెంబర్

నాకు చిల్లర రావాల్సి వచ్చేలా పెద్ద నోటు ఇచ్చాను. టికెట్ వెనక రాయాల్సి వస్తుందని. ఆయన మూడు సీట్లు తిరిగి చిల్లర తెచ్చి ఇచ్చేశారు.

25 డిసెంబర్

ఇస్సాకు సార్ ఇంట్లో క్రిస్మస్ భోజనం. సార్ భార్య నా పళ్ళెంలో మూడోసారి కూర వడ్డించి, "బాగా చిక్కిపోయావమ్మా, స్కోరు రాయడం అంత కష్టమా?" అంది.

సార్ అన్నారు, "లెక్క సరిచేశావు. స్కోరర్ పని అదే. బాగా చేశావు. ఒక్క సంగతి నాకు అర్థం కాలేదు. ఆ అబ్బాయి వెయ్యి అయ్యాకే మీ నాయినతో మాట్లాడాలని ఏ నియమంలో ఉంది?"

"మీకెవరు చెప్పారు సార్?"

"బస్సులో అందరికీ తెలుసు. నాకు డ్రైవర్ చెప్పాడు."

"అది లగేజీ గురించి సార్."

"అవునవును" అన్నారు సార్. "లగేజీ గురించే."

ఆయన భార్య వంటింట్లోకి వెళ్ళి నవ్వింది. ఆ నవ్వు మేం కూర్చున్నచోటికి వినిపించింది.

4 జనవరి 1984

పుష్యం వచ్చింది. ఇందిరమ్మ అత్త మళ్ళీ వచ్చింది. కోహిర్ వాళ్ళు బంగారం లాంటి మనుషులట. బావిలో నీళ్ళు ఎండాకాలం కూడా ఉంటాయట. నేను చేదబావి గురించి ఇంత విన్నది నాలుగో తరగతి పాఠంలోనే.

11 జనవరి

రామ్‌కిషన్ అన్న ఎర్ర గుడ్డని దుకాణానికి పరదాగా కట్టాడు. పరదా పక్కకి లాగితే మూడు సున్నాలు కనబడతాయి. మూస్తే వెయ్యి. "గుడ్డ పాడు చేసుకుంటమా బిడ్డా?" అన్నాడు. కోపం పోయింది అనుకుంటాను. కానీ నా జాకెట్టు కుట్టడం ఇంకా మొదలుపెట్టలేదు.

18 జనవరి

సంతలో నాగవ్వ ఎదురైంది. తప్పుకుందామని వెల్లుల్లి రాశి వెనక్కి వెళ్ళాను. ఆమె వెల్లుల్లే కొనాల్సి ఉంది.

"ఓ టీచరమ్మా, దాస్కుంటున్నవా?"

"లేదవ్వా. ధర చూస్తున్నా."

"మంచిగ జూడు." రెండు గడ్డలు ఏరి పక్కన పెట్టుకుంది. తర్వాత తనే అంది. "నూనె సీస గూట్లనే ఉన్నది. నెలదినాల సంది ముట్టలే. పొద్దుగాల లేస్తడు, గోడకు బాల్ కొట్టుకుంటడు. కాలు ఎన్కకు, బ్యాటు ముందుకు. గదే పని. కాలుకు తాడు గట్టి గుంజకు కట్టేసుకుంటుండు. నేనే గట్టాలె. ఎద్దును గట్టినట్టు."

"ఎందుకవ్వా?"

"నాకేమెర్క? నీ లెక్కల వెయ్యి గావాలెనంట. నిజంగ గావాలెనంట." వెల్లుల్లి సంచిలో వేసుకుంది. "నీతోని వానికేం పనో నాకైతె చెప్పలే. నేను అడగలే. నేనేమన్న ఎర్రిదాన్నా?"

ఇంటికి వచ్చాక చూసుకుంటే, నేను ఏమీ కొనకుండానే తిరిగి వచ్చాను. అమ్మ ఖాళీ సంచి దులిపి చూసి, మేకుకు తగిలించింది.

24 జనవరి

టికెట్ వెనక 387.

అంతే. వేరే మాట లేదు. ఆయన చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నేను ఆ టికెట్‌ని బడి దాకా, బడి నుంచి ఇంటి దాకా చేతిలోనే ఉంచుకున్నాను. తిరుగు ప్రయాణంలో చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌కి పొరపాటున అదే ఇచ్చాను. ఆయన, "ఇది పొద్దుటిదమ్మా" అన్నాడు. బస్సంతా నవ్వింది.

రాత్రి లెక్క వేశాను. నాలుగేళ్ళలో ఆయన బ్యాటుతో చేసినవి ఆరువందల పదమూడు. ఈ లెక్కన మిగిలినవి కావడానికి రెండున్నరేళ్ళు పైనే పడుతుంది. అది కూడా కాలు పక్కకి తీసినప్పుడల్లా వికెట్లు పడకపోతే.

కోహిర్ వాళ్ళు పన్నెండు రోజుల్లో వస్తారు.

ఇంత నిజాయితీ ఉన్న మనిషి మీద నాకు ఇంత కోపం రావడం న్యాయం కాదు. ఆ నిజాయితీ ఆయనకి అంటించింది నేనే.

26 జనవరి

జెండా పండుగ అయ్యాక పిల్లలు మిఠాయిలతో ఇళ్ళకి వెళ్ళారు. నేను ఇంటికి వచ్చేసరికి నాయిన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"మణీ. కోహిరోళ్ళకు ఏం చెప్పుమంటవ్ బిడ్డా?"

జీవితంలో మొదటిసారి ఎవరైనా నన్ను అడిగారు. "నాకు బడి మానడం ఇష్టం లేదు నాయినా" అన్నాను.

"నాకు గూడ లేదు. నువ్వు పొద్దుగాల బస్సెక్కుతుంటె చేను కాడికెల్లి చూస్త. బాగనే ఉంటది." గొంతు సవరించుకున్నాడు. "కానీ ఇంకొకడు అడగాలె గద. అడగనోని కోసం అడిగినోళ్ళను ఎట్ల ఎన్కకు పంపుత? కోహిరోళ్ళు వచ్చే ఐతారం వరకు ఎవలన్న వస్తె, గప్పుడు చూద్దాం."

ఎవలన్న అనేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. బస్సు రోడ్డు వైపు చూశాడు.

28 జనవరి

అమ్మ గుమ్మిలోంచి జొన్నలు తీయడానికి ఈ డైరీని పక్కన పెట్టి, మళ్ళీ జాగ్రత్తగా మీద పెట్టింది.

"గా కండక్టర్ పేరు ఎన్నిసార్లు రాసినవే గిందుల?"

నేను ఉలిక్కిపడ్డాను. "నీకు చదవడం రాదు కదమ్మా!"

"రాదు. రాసేటప్పుడు నీ మొకం అవుపడ్తది గద." జొన్నలు చేటలో పోసింది. "గిందుల రాసుకుంటె వానికెట్ల తెలుస్తదే? వాడేమన్న మన గుమ్మి మీద సదువుతడా?"

ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే అని మొదటి పేజీలో రాశాను. దాన్ని కొట్టేయను. అది నిజమే. కానీ దాని వల్ల డైరీ భద్రంగా ఉంటుందనుకోవడం తప్పు.

29 జనవరి, ఆదివారం

ఇవాళ ఆట లేదు. పొద్దుటినుంచి ఒక ఉత్తరం రాశాను. నాలుగు కాగితాలు చించాను. రేపు పొద్దున బస్సులో డబ్బులతో పాటు మడిచి ఇస్తాను. ఆయన బస్సులో చదవకూడదు, డ్రైవర్‌కి తెలుస్తుంది. కానీ డ్రైవర్‌కి ఎలాగూ తెలుసు.

నకలు ఇక్కడ ఉంచుకుంటున్నాను. బడిలో నేర్పిన పద్ధతిలోనే రాశాను, వేరే పద్ధతి నాకు తెలియదు.

శ్రీ మాణిక్ గారికి,

బాలమణి, ఉపాధ్యాయిని, నమస్కరించి వ్రాయునది.

మీరు 24వ తేదీన టికెట్ వెనక రాసిన 387 సరైనదే. నేను మళ్ళీ లెక్క చూశాను. మీ పరుగులు ఆరువందల పదమూడు. వాటిని ఒక్కటి కూడా పెంచలేను. డిసెంబర్ 18న మీ మనసు, మీ తల్లిగారి మనసు నొచ్చి ఉంటే క్షమించండి. లెక్క విషయంలో మాత్రం క్షమాపణ లేదు.

ఇప్పుడు విషయానికి వస్తాను. వెయ్యి అయ్యాక మా నాయినతో మాట్లాడతానని మీరు అన్నారు. ఆ వెయ్యి మీరు పెట్టుకున్నది. నేను అడగలేదు. మా నాయినకు వెయ్యి సంగతే తెలియదు. స్కోరర్‌గా నాకు తెలిసినంతవరకు ఒక మనిషి ఇంకొకరి ఇంటికి వచ్చి మాట్లాడడానికి ఇన్ని పరుగులు ఉండాలనే నియమం వన్డేల్లో గానీ, మరే ఆటలో గానీ లేదు. ఆరువందల పదమూడు చాలు. అసలు ఆ పదమూడు కూడా అక్కర్లేదు.

ఫిబ్రవరి 5న కోహిర్ నుంచి మా ఇంటికి మనుషులు వస్తున్నారు. ఆ సంబంధం కుదిరితే నేను బడి మానాలి. నాకు బడి మానడం ఇష్టం లేదు. ఆ ఇంటికి వెళ్ళడం కూడా ఇష్టం లేదు. ఈ రెండో మాట ముందు రాయాల్సింది. మీరు మీ ఇంటి గురించి మాట్లాడితే నాకు ఇష్టమే. ఇది ఇంకా ముందు రాయాల్సింది.

మా నాయిన సాయంత్రం పూట చేను నుంచి వచ్చాక ఇంట్లోనే ఉంటాడు. ఎక్కువ మాట్లాడడు, మీరు భయపడవద్దు. రామ్‌కిషన్ అన్న పరదా పక్క సందులోంచి వస్తే మా ఇల్లు రెండోది. కాలికి తాడు కట్టుకోవడం ఇక మానండి. మీ తల్లిగారు ఇబ్బంది పడుతున్నారు.

మీరు మాట్లాడాలనుకున్నది లగేజీ గురించే అయితే ఈ ఉత్తరాన్ని చించివేయగలరు. నేనూ ఏమీ రాయనట్టే ఉంటాను. రోజూ టికెట్ తీసుకుంటాను.

జవాబు పెద్దగా రాయనక్కర్లేదు. టికెట్ వెనక రాసినా చాలు. ఫిబ్రవరి 3, శుక్రవారం, సాయంత్రం బస్సు జహీరాబాద్ చేరేలోపు తప్పక ఇవ్వగలరు.